చేపల పులుసును ఎండబెట్టిన ఆదివారం

ఆ రోజుల్లో కంప్యూటర్లో చోటుకు ఎంత కటకటగా ఉండేదో ఇప్పుడు చెబితే మా ఇంట్లో పిల్లలు నమ్మరు. ఇప్పుడు నా ఫోన్లో పొద్దున్నే వచ్చి పడే గులాబీపువ్వుల శుభోదయాలు, ఎవరి బిడ్డో తెలియని చంటిదాని బోసినవ్వు, నేనే పొరపాటున తీసుకున్న నా బొటనవేలి ఫోటోలు, అన్నీ హాయిగా కాపురం చేస్తున్నాయి. ఎవర్నీ ఖాళీ చెయ్యమని అడిగే పనిలేదు. అప్పుడట్టా కాదు. ఒక పాట లోపలికి రావాలంటే ఇంకో పాట బయటికి నడవాల్సిందే. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను ఆ చోటు కోసం పడిన తంటాల్లో ఒకటి తలుచుకుంటే ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను. పక్కన కొత్తవాళ్లుంటే నన్ను ఒకసారి అనుమానంగా చూసి, చేతిసంచి దగ్గరికి లాక్కుంటారు.

మాది మనుబోలు పక్కన పల్లె. వరి తప్ప వేరే లోకం తెలియని ఇల్లు. డిగ్రీలో కంప్యూటర్లు చదివానని మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు గానీ, ఆ చదువును నమ్మి ఉద్యోగమిచ్చింది మాత్రం సూళ్లూరుపేటలో ఒక కేబుల్ టీవీ ఆఫీసు. పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైలెక్కి రావడం. మా కూతురు రాకెట్లెగిరే చోట కంప్యూటర్ ఉద్యోగం చేస్తోందని మా అమ్మ చెబితే, ఊళ్లోవాళ్లు ఆ రాకెట్లు నేనే ఎగరేస్తున్నాననుకున్నారు. (నేనూ కాదనలేదు. కాదా అని నన్నెవరూ అడగలేదు గదా.)

మా ఓనరును ఊరంతా డిష్ అన్న అనేవాళ్లు. కేబుల్లోకి దిగక ముందు పులికాట్ సరస్సు ఒడ్డున ఎండుచేపల వ్యాపారం చేసిన మనిషి. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే మధ్యలో ఆ ఫోనెందుకా అనిపించేది. కోపమొస్తే "ఏందిమే ఇదీ!" అనేవాడు, సంతోషమొచ్చినా అదే మాట. ఏది ఏదో కనుక్కోవడానికి ముందు ఆయన మీసం వైపు చూడాలి. ఆఫీసంటే వాళ్లింటి ముందుగది. ఒక బల్ల, ఒక కంప్యూటర్, దాని వెనక గుట్టలుగా తీగలు, మధ్యమధ్యలో వదిన పంపించే కాఫీ. ముందున్న కంప్యూటర్ వారానికోసారి వైరస్ పట్టి పడుకునేది. "దీనికేమన్నా మందుందా?" అని అన్న అడిగితే, పత్రికతో పాటు ఊరికే ఇచ్చిన సీడీలోంచి నేను వైరస్ జోలికి రాని లినక్స్ అనే రకాన్ని ఎక్కించాను. అప్పట్నుంచి బొమ్మల మీద నొక్కే పని తక్కువ, నల్లటి తెర మీద మాటలు టైపు చేసే పని ఎక్కువ. అన్న చుట్టాలొచ్చినప్పుడల్లా నా కుర్చీ వెనక నిలబెట్టి చూపించేవాడు. "చూడండి, ఈ బిడ్డ మౌస్ ముట్టదు. అంతా రాసే చేయిస్తాది" అని. చుట్టాలు గుళ్లోలాగా చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. నాకు మెడ నొప్పెట్టేదాకా తల నిటారుగా పెట్టుకుని కూర్చునేదాన్ని.

పగలు సినిమా పాటలు, సాయంత్రం ఊళ్లో సంగతులు, ఇదీ మా చానల్. కెమెరాకు క్యాసెట్లు తక్కువ. అందుకని తీసిందాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, అదే క్యాసెట్ మీద ఇంకోటి తీసేవాళ్లం. ఎక్కించే కార్డేమో వట్టి దుబారా రకం. కెమెరాలో ఉన్నది ఉన్నట్టు, కొంచెం కూడా కుదించకుండా రాసుకుంటూ పోయేది. కాసేపటి కార్యక్రమానికి కూడా బోలెడంత చోటు మింగేది.

అట్టా ఎక్కిన వాటిల్లో అన్న వాళ్లమ్మ చేపల పులుసొకటి. ఆమెను మేమంతా అవ్వ అనే పిలిచేవాళ్లం. సరస్సు ఒడ్డున చేపలుపట్టేవాళ్ల పల్లె, కుప్పం అంటారే, అక్కడే ఉండేది. "టౌన్లో నాకు ఊపిరాడదు" అని కొడుకింటికి చుట్టపుచూపుగా తప్ప వచ్చేది కాదు. ఒకరోజు కెమెరా తీసుకుని మేమే పోయి, ఆమె మడవ చేపల పులుసు పెట్టడం తీశాం. గరిటె ముట్టకుండా, మట్టి దాక అంచుల్ని గుడ్డతో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే లోపల ముక్క చెదరకుండా పులుసంతా కదిలేది. ప్రశ్నలడగడం నా వంతు. "మామిడికాయ ముక్కలు ఎప్పుడెయ్యాలవ్వా?" అన్నాను, టీవీ వాళ్లలాగా తల పక్కకు వాల్చి. "వరన్నం తిని పెరిగినదానివి, నీకిప్పుడే చెప్పినా గుర్తుండదు. పెళ్లి కుదరనీ, అప్పుడు చెబతా" అని కెమెరా ముందే నన్ను ఉతికి ఆరేసింది. కార్యక్రమం వేసిన రోజు సూళ్లూరుపేటంతా చూసింది, నవ్వింది. కుప్పంలో మాత్రం సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఊరంతా చూసిన పులుసును అవ్వ ఒక్కతే చూడలేదు.

ఇంతలో కంప్యూటర్ నిండిపోయింది. కొత్తది కొనమని అన్నను అడిగే ధైర్యం నాకు లేదు. పుస్తకంలో వెతికితే జీజిప్ అని ఒక ఉపాయం కనబడింది. ఆ మాట రాసి, పక్కన ఫైలు పేరు రాసి ఎంటర్ కొడితే చాలు, ఫైలు ముడుచుకుని చిన్నదైపోతుంది. మళ్లీ కావాలంటే గన్‌జిప్ అని రాస్తే పాత రూపానికి వస్తుంది. దీన్ని అన్నకెట్టా చెప్పాలా అని ఆలోచించి, నా తెలివికి నేనే మురిసిపోతూ, "ఎండబెట్టడమే అన్నా. గంపెడు పచ్చి రొయ్యలు ఎండితే గుప్పెడవుతాయి గదా, అట్టా. కావాల్సినప్పుడు నానబెట్టుకోవచ్చు, దీంట్లో రుచి కూడా మారదు" అన్నాను. ఆ పోలిక చెప్పకుండా ఉంటే ఈ కథే లేదు. అంతవరకూ కంప్యూటర్ జోలికి రాని మనిషి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "ఎండబెట్టేది నాకు నేర్పిస్తావామే నువ్వు? మీ ఇంట్లో వడ్లెండబెడితే బస్తా తగ్గతాదా? పక్కకు జరుగు."

ఆ రోజు నుంచీ ఎండబెట్టే పనికి ఆయనే మేస్త్రీ, నేను కూలీని. మొదట అవ్వ పులుసు ఎండబెట్టాం. కొట్టిన కాసేపటికి పాత ఫైలు మాయమై, దాని చోట తోక తగిలించుకున్న కొత్త పేరొకటి కనబడింది. అన్న మీసం అదిరింది. "పులుసు యాడ మే?" "ఇదే అన్నా, ఎండిపోయింది." "పచ్చిది యాడపోయింది?" "ఎండినాక పచ్చిది యాడుంటదన్నా?" ఒక నిమిషం ఆలోచించి పెద్దగా నవ్వినాడు. "నిజమే గదా! ఏందిమే ఇదీ!" అన్నాడు. (ఇది సంతోషం రకం.) తర్వాత స్కూలు పిల్లల నాటకం, కోలాటం, కబడ్డీ పోటీలు, అన్నీ వరసగా ఎండాయి. సినిమా పాటలు మాత్రం ఎంత కొట్టినా తగ్గలేదు. అవి అంతకు ముందే కుదించి పెట్టినవని చెబితే, "అంటే వాళ్లే ఎండబెట్టి అమ్మినారు, మంచి వ్యాపారస్తులు" అని మెచ్చుకున్నాడు.

అంతటితో ఆగితే ఆయన డిష్ అన్న ఎందుకవుతాడు. "ఒక్క ఎండతో చేప నిలవదు మే. రెండో ఎండ తగలకపోతే బూజు పడతాది. ఇంకోసారి కొట్టు." కొట్టాను. దీనికి ఇప్పటికే తోకుంది, నేను ముట్టను అని కంప్యూటర్ ఇంగ్లీషులో మొండికేసింది. అన్నకు ఆ సమాధానం నచ్చలేదు. పొద్దున కొట్టమన్నాడు, మధ్యాహ్నం ఎండ బాగుంది మళ్లీ కొట్టమన్నాడు. కంప్యూటర్ ఆయన మాట వినలేదు, ఆయన కంప్యూటర్ మాట వినలేదు, మధ్యలో నేను ఇద్దరికీ సర్దిచెబుతూ వేళ్లరిగేలా కొట్టాను. ఒక్క ఫైలును మాత్రం ఆయన ఎండకు చూపించనివ్వలేదు. అది ఆయనకు ఊళ్లో జరిగిన సన్మానం. వానల్లో చుట్టుపక్కల పల్లెలు మునిగినప్పుడు అన్న నిజంగానే వంటలు చేయించి పడవల మీద పంపించినాడు, అందుకు చేశారు. మెడ కనబడనన్ని దండలు, రెండు శాలువాలు, ఎవరో చదివిన పద్యం. రోజూ సాయంత్రం ఊరి సంగతులకు ముందు దాన్ని కొంచెం వేసేవాళ్లం. "దీన్ని కూడా ఎండబెడదామా అన్నా?" అని అడిగితే ఎంత నొచ్చుకున్నాడో! "నన్ను ఎండబెడతావామే? నేను పచ్చిగానే ఉండాల. రోజూ నానబెట్టేదానికి నేనేం సొరచేపనా?"

మిగిలిన చోటైనా మిగలనిచ్చాడా అంటే అదీ లేదు. ఖాళీ గోడౌన్ చూస్తే ఆయనకు నిద్రపట్టదు. ఊళ్లో ఒక పెద్దింటి పెళ్లి మొత్తం, మేళం దగ్గర్నుంచి అప్పగింతల దాకా, దుబారా కార్డుతో ఎక్కించేశాడు. ఆ క్యాసెట్ మీద అప్పుడే ఇంకో పెళ్లి తీసేశారు కూడా. కంప్యూటర్ మళ్లీ మొదటికొచ్చింది, వేలు దూరే సందు లేదు.

సరిగ్గా ఆ వారమే అవ్వ కుప్పం నుంచి దిగింది. రెండు కళ్లకూ శుక్లాలు. సోమవారం పొద్దున మద్రాసుకు పోయి మొదటి కంటికి ఆపరేషన్ చేయించుకోవాలి. అందరూ భయం లేదన్నారు గానీ అవ్వకు భయమే. వచ్చిన రోజే కొడుకును పట్టుకుంది. "డాక్టరు చెయ్యి జారితే నాయనా? ఉన్న ఈ మసక చూపన్నా పోతే? పోయేలోపల నన్ను నేను ఒక్కసారి టీవీలో చూసుకోవాల. ఆనాక ఏమన్నా కానీ." అన్న తల్లి చెయ్యి పట్టుకుని, "ఆదివారం మధ్యాహ్నం వేస్తానమ్మా. నీ కోసమే వేస్తా" అని మాటిచ్చినాడు. తెర అడుగున అక్షరాలు కూడా పరిగెత్తించాం, అవ్వ పులుసు మళ్లీ వస్తోందని.

ఆదివారం నాకు సెలవు. అయినా రైలెక్కి పోయాను. హాల్లో అవ్వ తలకు నూనె రాసుకుని, ఉతికిన పట్టుచీర కట్టుకుని టీవీకి ఎదురుగా కూర్చునుంది. "టీవీలో నేను కొత్తచీరతో ఉంటే, ఈడ పాతచీరతో కూర్చుంటే బాగుంటాదా?" అంది. నేను నవ్వుకుంటూ ముందుగదిలోకి పోయి గన్‌జిప్ అని రాసి, ఎంటర్ కొట్టి, కాఫీ తీసుకున్నాను. కాఫీ సగమైంది. నల్లతెర మీద ఒక ముక్క ఇంగ్లీషు వచ్చి నిలబడింది. చోటు లేదట.

నాకు చెమటలు పట్టాయి. ఎండిన దాన్ని నానబెట్టాలంటే పెద్ద గిన్నె కావాలి. నానేదాకా ఎండుదీ ఉండాలి, పచ్చిదీ ఉండాలి, రెంటికీ చోటు కావాలి. ఇంత చిన్న సంగతి ఎండబెట్టే హడావిడిలో నాకు తట్టలేదు, అన్న గిన్నె నిండా పెళ్లి పోసేశాడు. అన్నకు చెప్పాను. "ఏందిమే ఇదీ!" (మీసం చూడాల్సిన పని లేకపోయింది.) "సగమే నానబెట్టు. మామిడికాయ ఏసేదాకా వస్తే చాలు" అన్నాడు. సగం కుదరదన్నాను. "పోనీ, పాటలు తీసెయ్." తీశాను. మళ్లీ కొట్టాను, ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. ఈసారి కొంచెం ఎక్కువసేపు నమ్మించి, మళ్లీ అదే ముక్క వచ్చింది. ఎండబెట్టినవేవన్నా తీసేద్దామంటే ఒక్కోటీ గుప్పెడే. పైగా ఎవరి పిల్లల నాటకం తీసినా ఆ వీధి వీధంతా మా గుమ్మం ముందుంటుంది. పెళ్లి తీసేద్దామంటే అది ఆ సాయంత్రమే వెయ్యాల్సింది. "పెళ్లికూతురి నాయన నా తీగలే పీకి నా మెడకు చుడతాడు" అన్నాడు అన్న. "పోనీ నీ సన్మానం ఇప్పుడు ఎండబెడదామా అన్నా?" అని మెల్లగా అన్నాను, నాకే సిగ్గేసింది. ఎండబెట్టడానికైనా ఆరేసే చోటు కావాలి గదా, అదీ లేదు.

హాల్లోంచి అవ్వ గొంతు వచ్చింది. "అయ్యిందా నాయనా?" అన్న కంప్యూటర్ వెనక తీగల్ని ఊరికే అటూ ఇటూ జరిపినాడు.  వదిన ఏదో సర్దిచెబుతోంది. కాసేపటికి అవ్వే మళ్లీ అంది. "కాకపోతే పోనీలేరా. ఆపరేషన్ అయినాక చూస్తాలే." కొంచెం ఆగి, తనలో తనకన్నట్టు, "చూపుంటే" అంది.

అన్న నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ మూలిగింది. తెర వైపు చూడకుండా, "నాది తియ్" అన్నాడు. "నీదేదన్నా?" అన్నాను, అర్థమయ్యీ అర్థం కానట్టు. "నాదే మే. దండలది." క్యాసెట్ లేదన్నా, పోతే మళ్లీ రాదన్నా అన్నాను. నాకు ఏడుపొస్తోంది. ఆ దండల్ని ఎన్నిసార్లు నాలో నేను ఎగతాళి చేసుకున్నానో నాకే తెలుసు. "తెలుసు. ఒక్కసారి చివరగా..." అని, "వద్దులే, అమ్మ కూర్చోనుంది" అన్నాడు. నేను మాట రాశాను. ఆ నల్లతెరకు మర్యాద తెలియదు, నిజంగానే తీసెయ్యమంటావా అని కూడా అడగదు. ఎంటర్ మాత్రం నేను కొట్టలేకపోయాను. అన్నే తన లావుపాటి బొటనవేలితో నొక్కినాడు, గంపెత్తేవాడికి చెయ్యందించినంత మామూలుగా. ఒక్క క్షణంలో శాలువాలు, పద్యం, దండలు, అన్నీ పోయాయి. తర్వాత నేను గన్‌జిప్ కొట్టాను. తోక ఊడిపోయి అవ్వ పులుసు బయటికొచ్చింది.

టీవీలో దాక కనబడగానే అవ్వ స్టూలు జరుపుకుంటూ జరుపుకుంటూ తెరకు ముక్కు తగిలేదాకా పోయింది. హాల్లో ఉన్న మాకెవరికీ పులుసు కనబడలేదు, అవ్వ కొప్పు తప్ప. "ఎంత లావుగా ఉండానే!" అంది ముందు. నన్ను ఉతికి ఆరేసిన చోట తనే పడిపడి నవ్వింది. దాక తిప్పే దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాచి తెర మీద ఆ చేతిని తడిమింది. "అది నా చెయ్యి కాదు నాయనా. మాయమ్మ చెయ్యి. మాయమ్మ ఇట్టనే తిప్పేది" అంది, ఏడుస్తూ. వదిన కూడా ఏడ్చింది. నేను సరే, అప్పటికే మొదలెట్టేశాను. అన్న గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుని, "సౌండు తక్కువుంది, చూడుమే" అని నా మీద అరిచినాడు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. రెండో కన్ను కూడా అయినాక అవ్వ ఆ పులుసు మళ్లీ వేయించుకుని చూసింది. "గోడ మీద ఇంత బల్లి ఉంటే కెమెరా పట్టుకుని నిలబడినారే గానీ ఒక్కరన్నా చెప్పినారా?" అని అందర్నీ తిట్టింది. అన్న సన్మానం మాత్రం సాయంత్రాలు ఇక రాలేదు. ఎవరన్నా అడిగితే, "చూసింది చాల్లే" అనేవాడు.

ఆ తర్వాత నేను మద్రాసులో వేరే ఉద్యోగంలో చేరాను, ఏళ్లు గడిచాయి. ఈమధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల ఒకతికి, కుదించిపెట్టిన పెద్ద వీడియో ఒకటి చూసే పని పడింది. విప్పడానికి చోటుందో లేదో చూసుకోమ్మా అని నేను పెద్దరికంగా చెప్పబోతున్నాను. ఆ పిల్ల దాన్ని విప్పనే లేదు. ఒక్క లైను రాసింది. కుదించిన ఫైలు విచ్చుకుంటూ విచ్చుకుంటూ, ఎక్కడా నిలవకుండా, గొట్టంలో నీళ్లలాగా నేరుగా తెర మీదికి పారింది. గుప్పెడు చోటు కూడా అడగలేదు. "ఇది కొత్తగా వచ్చిందా?" అన్నాను. "లేదు మేడం, మొదట్నుంచీ ఉన్నదే" అంది.  పొట్ట పట్టుకుని నవ్వాను, ఆ పిల్ల భయపడి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

సాయంత్రం అన్నకు ఫోన్ చేశాను. ఇప్పుడు కేబుల్ లేదు, ఆ గొంతు మాత్రం అట్టనే ఉంది. సంగతంతా చెప్పాను. 

"అంటే నా దండలు ఊరికే పోయినాయా మే?"

"ఊరికే పోయాయన్నా."

"ఏందిమే ఇదీ!" అన్నాడు. ఫోన్లో మీసం కనబడదు గదా, ఏ రకమో తెలియక బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. తర్వాత ఆయన నవ్వు వినబడింది, ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సొచ్చింది. నవ్వి నవ్వి ఆగి, ఆ మనిషికి అలవాటు లేని చిన్న గొంతుతో అన్నాడు. "ఆ ముక్క ఇంకెవరికీ చెప్పబాకు. ఆ రోజు జరిగింది అమ్మకు మీ వదిన చెప్పేసినట్టుండాది. పోయేదాకా కుప్పంలో ఆడోళ్లందరికీ అదే చెప్పుకునేది. టీవీలో నాకు చోటు లేకపోతే, నా కొడుకు లేచి నిలబడి నాకు చోటిచ్చినాడు అని."

ఫోన్ పెట్టేశాక, చెమటలు కక్కుకుంటూ నల్లతెర ముందు కూర్చున్న, ఒకప్పుడు నేనే అయిన ఆ పిల్ల గుర్తొచ్చింది, చుట్టాల ముందు మెడ నిక్కించుకుని కూర్చుని, తీరా చూస్తే ఒక్క లైను తెలియని పిల్ల. ఆ పిల్ల ఎదురుపడితే ఆ లైను నేను చచ్చినా నేర్పను.